పిల్లలతో హోటల్‌కి వెళ్తే ఏం పెట్టించాలి?

వేసవి సెలవులు ముగిసేసరికి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారుతుంది. ఊళ్ళకు వెళ్ళి వచ్చినవాళ్ళు, పెళ్ళిళ్ళకు తిరిగినవాళ్ళు, చుట్టాలను వెంటబెట్టుకుని ఊరు చూపించినవాళ్ళు దాదాపు అందరూ ఒకే సంగతి అడిగారు: బయట తినక తప్పనప్పుడు పిల్లలకు ఏం పెట్టించాలి? అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను.

నా వృత్తి పోషకాహార సలహా ఇవ్వడం. పెరిగింది మాత్రం తెనాలిలో, మా నాన్నగారి మీల్స్ హోటల్లో. బడి నుంచి వచ్చి గల్లాపెట్టె పక్కన బల్ల మీద హోంవర్కు చేసుకునేదాన్ని. వంటింట్లో ఏది ముందే తయారై ఉంటుంది, ఏది అడిగితే అప్పటికప్పుడు చేసిపెట్టగలరు, ఏది ఎంత అడిగినా మార్చలేరు అన్నది చిన్నప్పుడే చూశాను. సరైన సమయంలో, సరైన వస్తువు అడిగితే హోటల్‌వాళ్ళు పిల్లల కోసం చాలా చేస్తారు. ఈ జవాబులు ఆ నమ్మకంతో రాస్తున్నవే.

ప్రశ్న: మేడమ్, మాకు ఏడేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప. మేమిద్దరం ఉద్యోగాలు చేస్తాం. ఆదివారం రాత్రి వంట పెట్టుకోకుండా బయటికి వెళ్తాం. పిల్లలు చికెన్ 65, గోబీ మంచూరియా, ఫ్రైడ్ రైస్, కూల్‌డ్రింక్ తప్ప వేరేది ముట్టరు. మొన్న బాబుకి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ తక్కువగా ఉందన్నారు. హోటల్ మానేయాలా? – ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: మానేయక్కర్లేదమ్మా. వారమంతా ఇంటా బయటా పనిచేసే మీకు ఒక పూట వంట లేకపోవడం తప్పేమీ కాదు. మార్చాల్సింది ఆర్డరు ఇచ్చే వరస.

ఎనిమిదిన్నరకి వెళ్ళి కూర్చుంటారు. పిల్లలు అప్పటికే ఆకలి మీద ఉంటారు. మెనూ తిరగేసి, అందరినీ అడిగి ఆర్డరు ఇచ్చేసరికి పది నిమిషాలు. అసలు భోజనం రావడానికి ఇంకో అరగంట. ఈలోపు బల్ల మీదికి వచ్చేది స్టార్టర్ ఒక్కటే. ఆకలితో ఉన్న పిల్లవాడి ముందు వేయించిన ముక్కలు పెడితే కడుపు వాటితోనే నిండిపోతుంది. తర్వాత పప్పు వచ్చినా, పెరుగు వచ్చినా వాడికి అక్కర్లేదు. మనం మాత్రం ‘వీడు ఇంకేమీ తినడు’ అనుకుంటాం.

కాబట్టి కూర్చోగానే, మీరింకా మెనూ చూస్తూ ఉండగానే, పిల్లల తిండి ముందు చెప్పేయండి. పప్పు, తెల్లన్నం, పెరుగు ఏ వంటింట్లోనైనా సిద్ధంగా ఉంటాయి. వాటి కోసం ఎవరూ కొత్తగా పొయ్యి వెలిగించక్కర్లేదు కాబట్టి చెప్పిన కాసేపటికే వచ్చేస్తాయి. దాల్ తడ్కా, ఒక పుల్కా లేదా రుమాలీ రోటీలో ముక్క, కప్పు పెరుగు. ఆ నాలుగు ముద్దలు కడుపులో పడ్డాక స్టార్టర్ వచ్చినా ఫరవాలేదు. రెండు ముక్కలు తిని ఆపేస్తారు.

ఇక ఆ చికెన్ 65 సంగతి. మిరప్పొడి వల్ల వచ్చే ఎరుపు వేరు, చేతికి, టిష్యూకి అంటుకుని సబ్బుతో కడిగినా పోని ఎరుపు వేరు. రెండోది రంగు పొడిది. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడకూడదని నిషేధం పెట్టింది. పీచుమిఠాయి నమూనాల్లోనైతే బట్టలకు వేసే రోడమిన్-బి అనే రంగు దొరికింది. అదే ఏడాది జూన్‌లో కబాబ్‌లకూ ఆ నిషేధం వర్తింపజేశారు. మన దగ్గర తినేదీ అవే వంటకాలు కాబట్టి మనకీ ఆ జాగ్రత్త అవసరమే. అయితే సర్వర్‌ని పిలిచి ‘కలర్ వేయకుండా చెయ్యండి’ అంటే ఆయన తల ఊపినా పెద్దగా లాభం ఉండదు. ముక్కలకు మసాలా, రంగు చాలాచోట్ల మధ్యాహ్నమే పట్టించి ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. రాత్రి ఆర్డరు వచ్చాక చేసేది నూనెలో వేయడమే. అందుకని వంటకాన్నే మార్చండి. మలై టిక్కా అడగండి. పెరుగు, మీగడలో నానబెట్టి బొగ్గుల మీద కాలుస్తారు, తెల్లగా ఉంటుంది, కారం తక్కువ, నూనెలో మునగదు. మెత్తగా ఉంటుంది కాబట్టి మీ నాలుగేళ్ళ పాప కూడా నమలగలదు.

నూనె గురించి కూడా ఒక మాట. పదే పదే కాగిన నూనెలో కొన్ని హానికర పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని మన దేశ ఆహార భద్రతా సంస్థ 2018 జులై నుంచి నిబంధన పెట్టింది. ఆ కొలత మనం బల్ల దగ్గర కూర్చుని చూడలేం. వేపుడులో మాడు వాసన, నాలుక మీద జిగురు, తిన్న తర్వాత గొంతులో మంట ఉంటే ఆ నూనె పాతదనే అనుకుని పిల్లల చేత తినిపించకండి.

ఇప్పుడు హిమోగ్లోబిన్. మన దేశంలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మీ బాబు ఆ వయసు దాటినా కారణాలు చాలావరకు అవే. డాక్టరు రాసిన ఐరన్ మందు మాత్రం ఆపకండి. తిండి దానికి తోడు మాత్రమే. ఆదివారం రాత్రిని ఆ తోడుకి బాగా వాడుకోవచ్చు. చికెన్ కూర, ఎగ్ కర్రీ, దొరికే చోట లివర్ ఫ్రైలో ఒకటి రెండు ముక్కలు. శాకాహారం అయితే పప్పు, పాలకూర పప్పు, శనగల కూర. బల్ల మీద ఉల్లిపాయ ముక్కలతో పాటు నిమ్మచెక్క పెడతారు చూడండి, దాన్ని చాలామంది తాకకుండానే లేచిపోతారు. ఆ నిమ్మచెక్కను బాబు పప్పు మీద, కూర మీద మీరే పిండండి. పప్పులో, ఆకుకూరలో ఉండే ఇనుము ఒంటికి సరిగా పట్టాలంటే విటమిన్ సి కావాలి. అది ఆ చెక్కలో ఉంది, దానికి బిల్లు కూడా ఉండదు. ఇంకో విషయం, భోజనం ముగించి పెద్దవాళ్ళు టీ తెప్పించుకుంటే పిల్లలకి సాసర్‌లో పోసి ఇవ్వకండి. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా చెబుతోంది. టీలోని టానిన్లు ఇనుమును అడ్డుకుంటాయి.

కూల్‌డ్రింక్ విషయంలో మాత్రం నేను కొంచెం గట్టిగానే చెబుతాను. 300 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 30 గ్రాముల పంచదార ఉంటుంది. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు రోజుకు 1,700 కిలో క్యాలరీలు కావాలి. విడిగా కలిపే చక్కెరల నుంచి వచ్చేది అందులో పదో వంతు దాటకూడదని, ఇరవయ్యో వంతులోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గ్రాముల్లో చూస్తే 42 దాటకూడదు, 21 లోపు ఉంటే మంచిది. అంటే ఒక్క సీసాతో ఆ మేలైన హద్దు దాటిపోయింది, పైగా పొద్దున తాగిన పాలలో వేసిన పంచదార లెక్క ఇంకా ఉంది. మజ్జిగ అడగండి. నిమ్మరసం అయితే సోడా లేకుండా, ఉప్పు పంచదార సగం వేయమనండి. ఇది మాత్రం అప్పటికప్పుడు కలిపేదే కాబట్టి చెప్పినట్టే చేస్తారు.

ఒకేసారి అన్నీ మార్చేస్తే ఆదివారం రాత్రి గొడవతో ముగుస్తుంది. ఈ వారం ఆర్డరు వరస మార్చండి. ఇంకో రెండు వారాలకి కూల్‌డ్రింక్. ఆ తర్వాత చికెన్ 65 బదులు మలై టిక్కా. ‘ఏం తింటావ్?’ అని అడగకుండా ‘దాల్‌లోకి పుల్కానా, అన్నమా?’ అని అడగండి. ఏడేళ్ళవాడికి ఎంచుకున్నానన్న తృప్తి చాలు.

ప్రశ్న: అమ్మా, మా మనవరాలికి అయిదేళ్ళు. డాలస్ నుంచి ఏడాదికోసారి వస్తారు. ఇక్కడి హోటల్లో ఏం పెట్టినా కారం అని ఏడుస్తుంది. కోడలు ఫ్రెంచ్ ఫ్రైస్, నగ్గెట్స్ ఆర్డరు చేస్తుంది. మన తిండిలో ఆ పిల్ల తినగలిగేది ఏదీ లేదా? – ఒక నాయనమ్మ, రాజమండ్రి

జవాబు: ఎందుకు లేదండీ, చాలా ఉంది. కోడలిని కూడా ఏమీ అనకండి. పిల్ల ఆకలితో ఉండకూడదనేగా ఆమె తాపత్రయం. పిల్లల మెనూ అని విడిగా అచ్చువేసిన పేజీలో సాధారణంగా ఉండేవి వేపుళ్ళే. ఆ పేజీ తిప్పేసి పెద్దవాళ్ళ మెనూలోనే వెతకండి.

పొద్దుటిపూట తీసుకెళ్ళండి. టిఫిన్లలో కారం లేనివి తేలిగ్గా దొరుకుతాయి. ఇడ్లీ పిండిలో మిరపకాయ ఉండదు. వేడి ఇడ్లీ మీద నెయ్యి వేయించి, చట్నీ బదులు పెరుగుతో పెట్టండి. పెసరట్టులో మాంసకృత్తులు బాగుంటాయి గానీ దాని దగ్గర ఒక కిటుకు ఉంది. పైన చల్లే ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి వద్దంటే వేయరు. కొన్ని హోటళ్ళలో మాత్రం పెసలు రుబ్బేటప్పుడే అల్లం, మిర్చి వేసేస్తారు. అందుకని ‘కారం లేకుండా’ అని ఊరుకోకుండా ‘పిండిలో మిర్చి వేసి రుబ్బారా?’ అని అడగండి. వంటమాస్టర్‌కి తెలుస్తుంది. మీ గోదావరి వైపు దొరికే దిబ్బరొట్టె అన్నిటికంటే నయం. పైన కరకర, లోపల మెత్తన, మినప్పప్పు బలం. పాకంతో ఇస్తే పాకం విడిగా తీసుకుని చెంచాడు చాలించండి.

మధ్యాహ్నం మీల్స్ హోటల్‌కి వెళ్తే వడ్డన మొదలవకముందే ముద్దపప్పు ఉందా అని అడగండి. ముద్దపప్పు, నెయ్యి, అన్నం, చివర్లో పెరుగన్నం. అప్పడం సరదాకి ఒకటి. విమానం దిగి వచ్చిన పిల్లలకు అది పూర్తి భోజనమే. సాంబారుని నీళ్ళు కలిపి పలచన చేసి పెట్టే అలవాటు కొందరికి ఉంది, దానివల్ల కారంతో పాటు పప్పు కూడా తగ్గిపోతుంది.

బయటి దేశం నుంచి వచ్చిన పిల్ల కాబట్టి ఇంకో జాగ్రత్త కూడా. పొగలు కక్కేవే పెట్టండి. పచ్చి కీరా, క్యారెట్ ముక్కలు, ఐసు ముక్కలు వేసిన జ్యూసు వద్దు. నీళ్ళు సీలు తీయని సీసావి. శాండ్‌విచ్, మోమో లాంటివి తిన్నా మయోనైజ్ జోలికి పోవద్దు. పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాదిపాటు నిషేధించింది. విషాహారం కేసులు దానితో ముడిపడి ఉండడమే కారణం. ఇక రాజమండ్రి వచ్చి రోజ్ మిల్క్ తాగకుండా వెళ్ళమని నేను చెప్పను. నమ్మకమైన చోట, ఒక గ్లాసు తెప్పించి మీరిద్దరూ పంచుకోండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి విజయవాడకి కారులో వెళ్తుంటాం. పాపకి 14 నెలలు. దారిలో హోటల్ తిండి పెట్టవచ్చా? – ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: పెట్టవచ్చు. మీ గిన్నె, చెంచా మీరు తీసుకెళ్ళండి. హోటల్లో వేడినీళ్ళు అడిగి వాటిని కడుక్కోండి. ఇడ్లీని వేడినీళ్ళతోనో, ఇంటి నుంచి తెచ్చిన పాలతోనో మెదిపి పెట్టండి. మెత్తగా మెదిపిన అన్నం, పప్పు బాగానే ఉంటాయి. దారిలో పండిన అరటిపండు దొరకని ఊరు లేదు. పెరుగు మాత్రం మీరు ముందు రుచి చూడండి, పొద్దుటి నుంచి బయట ఉన్నది పుల్లగా తెలుస్తుంది.

పొంగలి పెడితే జీడిపప్పు, మిరియాలు ఒక్కటి కూడా మిగలకుండా ఏరేయండి. ఉప్మాలో పల్లీలు, శనగపప్పు కూడా అంతే. ఈ వయసులో గట్టి గింజ గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది, కదిలే కారులో ఇంకా ఎక్కువ. అందుకే కారు ఆపి, పాపని నిటారుగా కూర్చోబెట్టి పెట్టండి. రెండేళ్ళు నిండేదాకా పంచదార కలిపినవి ఏవీ వద్దు. డబ్బా జ్యూసు కూడా ఆ లెక్కలోదే.

ప్రశ్న: మా అమ్మాయికి అయిదేళ్ళు. పల్లీలు తింటే ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి, ఒకసారి పెదాలు కూడా వాచాయి. హోటల్‌కి తీసుకెళ్ళాలంటేనే టెన్షన్. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? – ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: మీ భయం న్యాయమైనది. మన తెలుగు హోటల్లో పల్లీ లేని చోటు వెతకడం కష్టం. పల్లీ చట్నీ అందరికీ తెలుసు. కనపడకుండా ఉండే పల్లీలతోనే ముప్పు. బిర్యానీతో ఇచ్చే మిర్చీ కా సాలన్‌లో పల్లీ, నువ్వులు, కొబ్బరి నూరి వేస్తారు. బగారా బైంగన్, గుత్తివంకాయ కూర కూడా అంతే. కొబ్బరి చట్నీ అని ఇచ్చినదాంట్లోనూ పుట్నాలతో పాటు గుప్పెడు పల్లీలు వేసేవాళ్ళున్నారు. పులిహోర, ఉప్మా, కొన్ని చోట్ల కారప్పొడి. కుర్మా చిక్కబడడానికి కూడా పల్లీ ముద్ద వేస్తారు.

అందుకని ‘ఇందులో పల్లీలు ఉన్నాయా?’ అని అడిగితే సరిపోదు. సర్వర్ తన కంటికి కనిపించేదే చెబుతాడు. ‘పాపకి పల్లీ పడదు, తింటే ఊపిరి ఆడకపోవచ్చు, ఒకసారి మాస్టర్‌ని అడిగి చెప్పండి’ అనండి. అలా చెబితే వంటింట్లో ఎవరూ తేలిగ్గా తీసుకోరు. రద్దీ లేని వేళ వెళ్ళండి. ఒంటిగంటకి మీల్స్ హోటల్లో మీ మాట వినే తీరిక ఎవరికీ ఉండదు, పన్నెండుకే వెళ్తే ఉంటుంది. బకెట్లతో వడ్డించే చోట ఒక గరిటె ఇంకోదాంట్లో పడుతూనే ఉంటుంది కాబట్టి పాపకి వంటింట్లోంచి విడిగా గిన్నెలో తెప్పించండి. తెల్లన్నం, విడిగా చేసిన ఆమ్లెట్, పుల్కా, పెరుగు లాంటి ఎక్కువ సరుకులు కలవనివే ఎంచుకోండి. వేటినైనా ఏ నూనెతో చేశారో అడగండి. గానుగ వేరుశనగ నూనె వాడుతున్నామని ఈమధ్య కొన్ని హోటళ్ళు బోర్డు పెడుతున్నాయి. గానుగ నూనెలో పల్లీ మాంసకృత్తులు మిగిలి ఉంటాయి, మీ పాపకి అది వద్దు.

పెదాలు వాచాయని రాశారు, అది చిన్న విషయం కాదు. ఇప్పటికీ ఎలర్జీ డాక్టరుకి చూపించకపోతే హోటల్ సంగతి తర్వాత, ముందు ఆ పని చేయండి. అత్యవసరంగా ఇవ్వాల్సిన మందు రాసిస్తే అది మీ సంచిలో ఎప్పుడూ ఉండాలి. ఊపిరి కష్టమైనా, గొంతు బిగిసినా, ఆగకుండా వాంతులైనా, మగతగా పడిపోయినా మందు ఇచ్చి వెంటనే 108కి ఫోన్ చేయండి. దద్దుర్లే కదా తగ్గుతాయని ఇంటికి తీసుకెళ్ళకండి.

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్ళు. ఈమధ్య పిజ్జా షాపుకి వెళ్తే మెనూలో రాసిన క్యాలరీలు కూడుకుంటూ కూర్చుంటోంది. సగం తిని పక్కన పెట్టేస్తోంది. బరువు మామూలుగానే ఉంది. ఆరోగ్యం మీద శ్రద్ధ అని సంతోషించాలా? – ఒక ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: ఈ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదివాను. సంతోషించే ముందు కొంచెం ఆగండి.

పది, అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్న హోటళ్ళు మెనూలో ప్రతి వంటకం పక్కన క్యాలరీలు వేయాలన్న నిబంధన 2022 నుంచి అమలులో ఉంది. మంచి నిబంధనే. దాంతో పాటు అక్కడ ఇంకో వాక్యం ఉంటుంది, చురుకైన పెద్దవాళ్ళకు సగటున రోజుకు 2,000 కిలో క్యాలరీలు కావాలని. అది చదివి మీ అమ్మాయి ‘నేను చిన్నదాన్ని కాబట్టి నాకు అంతకంటే చాలా తక్కువ చాలు’ అని లెక్క వేసుకుంటూ ఉండవచ్చు. ఆ లెక్క తప్పు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం 10 నుంచి 12 ఏళ్ళ ఆడపిల్లకు రోజుకు 2,060 కిలో క్యాలరీలు కావాలి. అంటే ఆ బోర్డు మీద పెద్దవాళ్ళకని రాసిన దానికి తక్కువేమీ కాదు. ఎముకలు పెరిగే, రజస్వల అయ్యే వయసు ఇది. ఈ ఒక్క అంకె ఆమెకు చూపించండి. టీచరు గారు కాబట్టి చూపించే పద్ధతి మీకు నేను చెప్పక్కర్లేదు.

బల్ల దగ్గర క్యాలరీల మాట, లావు సన్నం మాట ఎవరూ ఎత్తకండి. బంధువులెవరైనా ‘కాస్త ఒళ్ళు చేసింది’ అని ఉంటే, ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో మెల్లగా కనుక్కోండి. పిజ్జా తినడానికి వెళ్ళినప్పుడు పిజ్జానే తిననివ్వండి. పల్చని రొట్టె మీద కూరగాయలో, పనీరో, చికెనో ఎంచుకుని, అదనపు చీజు, పక్కన వచ్చే తీపి పానీయం మానేస్తే చాలు. ఇంట్లో కూడా పూటలు ఎగ్గొడుతున్నా, తిన్న వెంటనే బాత్రూముకి వెళ్తున్నా, బరువు తగ్గుతున్నా, నెలసరి మొదలై ఆగిపోయినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకి చూపించండి. అవసరమైతే మానసిక నిపుణులకు కూడా.

ప్రశ్న: హోటల్లో చివర్లో పిల్లలకి ఐస్‌క్రీమ్ ఇప్పించవచ్చా? సూప్ మంచిదేనా? – ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఐస్‌క్రీమ్ అప్పుడప్పుడు ఇప్పించండి, ఒక స్కూపు. కప్పు మీద ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అని ఉంటే అది పాల కొవ్వుతో కాక నూనెలతో చేసింది, పాలదే కావాలంటే చూసి తీసుకోండి. ‘పప్పన్నం తింటేనే ఐస్‌క్రీమ్’ అని మాత్రం అనకండి. అలా అంటే పప్పు శిక్ష, ఐస్‌క్రీమ్ బహుమతి అయి కూర్చుంటాయి. సూప్ అంటే ఆరోగ్యం అని ఒక పేరు పడిపోయింది గానీ హోటల్ స్వీట్‌కార్న్ సూప్‌లో చిక్కదనం కార్న్‌ఫ్లోర్‌ది, రుచి ఉప్పుది. ఒక గిన్నె తాగాక పిల్లలు భోజనం చేయలేరు. ఇద్దరు ముగ్గురికి ఒకటి తెప్పించుకోండి.

ప్రశ్న: నమస్తే మేడమ్. నంద్యాలలో మాకు చిన్న మీల్స్ హోటల్ ఉంది. కుటుంబాలతో వచ్చేవాళ్ళు పెరిగారు. పిల్లలు సగం వదిలేసి లేచిపోతున్నారు, చూస్తే బాధగా ఉంటోంది. ఖర్చు పెరగకుండా పిల్లల కోసం ఏం పెట్టవచ్చు? – ఒక హోటల్ యజమాని

జవాబు: ఇలాంటి ఉత్తరం కోసం ఎన్నాళ్ళుగానో చూస్తున్నాను. మా ఇంటి సంగతే చెబుతాను.

మా నాన్నగారు పప్పు గుండిగ దగ్గర ఒక చిన్న అలవాటు పెట్టారు. కందిపప్పు ఉడికి మెత్తబడ్డాక, అందులో మిర్చి, చింతపండు పడకముందే, మాస్టర్ రెండు గరిటెలు తీసి మూత ఉన్న స్టీలు గిన్నెలో వేసేవాడు. ఉప్పు, పసుపు, కాస్త నెయ్యి. ఆ గిన్నెని అన్నం వార్చిన గంజి గిన్నె మీద పెట్టేవాళ్ళు, ఆ వేడికి చల్లారేది కాదు. చిన్నపిల్లలతో ఎవరు వచ్చినా ఆ పప్పు వడ్డించేవాళ్ళు. ఆ రెండు గరిటెల పప్పుకి పడే ఖర్చు ఎంతో మీకు నాకంటే బాగా తెలుసు. పిల్లలతో వచ్చినవాళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చేవారు.

మీరూ అక్కడే మొదలుపెట్టండి. పెరుగన్నం కూడా వీలైనదే. పోపులో ఎండుమిర్చి వేయకుండా, తురిమిన క్యారెట్, దానిమ్మ గింజలు దొరికే కాలంలో అవీ కలిపి, చిన్న గిన్నెల్లో పెట్టండి. ఎండాకాలం పెరుగు పులిసిపోకుండా పాలు కలిపి చేసి, గంటకోసారి కొత్తగా కలపండి. మాంసాహార హోటల్ అయితే ఉడికించిన గుడ్డు ఒకటి విడిగా అమ్మండి. ఒక గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు రోజుకు కావాల్సింది 23 గ్రాములు. దాంట్లో నాలుగో వంతు ఒక్క గుడ్డుతోనే వచ్చేసినట్టు. మీ జిల్లాలో జొన్నరొట్టె చేసే చేతులకు కొదవ లేదు. చిన్న రొట్టె, పప్పు కలిపి పెడితే పిల్లలు చేత్తో తుంచుకుని తింటారు.

‘హాఫ్ మీల్స్’ అని బోర్డు మీద రాయండి, ధర కూడా రాయండి. చాలామంది తల్లిదండ్రులు అడగడానికి మొహమాటపడి పిల్లలకి ఫుల్ మీల్స్ తీసుకుంటారు, మీరు చూస్తున్న ఆ సగం వదిలేసిన ఆకులు అవే. వడ్డించేవాళ్ళకి ఒక మాట చెప్పండి: పిల్లల ఆకులో ముందు కొంచెమే వేసి, అడిగితే మళ్ళీ వేయాలి. పచ్చళ్ళు, కారప్పొడి పిల్లల వైపు కాకుండా పెద్దవాళ్ళ వైపు వేయాలి. అన్నిటికంటే ముందు పప్పన్నం కలిపేలా చూడాలి, వేపుడు తర్వాత.

బల్ల ఎత్తు చిన్నపిల్లలకి అందదు కదా, రెండు ఎత్తు కుర్చీలు చేయించండి. మీ ఊళ్ళో వడ్రంగి చేసేస్తాడు, ముందు వైపు అడ్డకర్ర తప్పనిసరి. గ్లాసులు చిన్నవి, అడుగు బరువున్న స్టీలువి తీసుకోండి, ప్లాస్టిక్‌వి చెయ్యి తగిలితే ఒలికిపోతాయి.